ఎవరి కంపెనీ, ఎవరి కాపలా

ఆర్టీసీ బస్సు టికెట్ల మీద వచ్చే డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిదా, ఆర్టీసీదా? 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడిన కొద్దికాలానికే ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. ఆదాయపు పన్ను శాఖ పన్ను కట్టమంది. రాష్ట్రాల ఆదాయం మీద కేంద్రం పన్ను వేయకూడదని రాజ్యాంగం 289వ అధికరణంలో ఉంది, మేం రాష్ట్ర ప్రభుత్వ సంస్థమే కదా అని ఆర్టీసీ వాదించింది. 1964లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కార్పొరేషన్‌కు చట్టం వేరే వ్యక్తిత్వం ఇచ్చింది, దాని ఆదాయం దానిదే, పన్ను కట్టాల్సిందే అని తేల్చింది. 1999లో హైదరాబాద్ ఈసీఐఎల్ విషయంలోనూ ఇదే జరిగింది. వాటాలన్నీ ప్రభుత్వానివే అయినా కంపెనీ ఆస్తి ప్రభుత్వ ఆస్తి అయిపోదు, రాష్ట్రం వేసే వ్యవసాయేతర భూముల పన్ను తప్పదు అని కోర్టు చెప్పింది.

మరి అలాంటి సంస్థే టెండరు పిలిచి, నిబంధనలు పక్కనపెట్టి, నచ్చినవాడికి కట్టబెడితే? అప్పుడు మాత్రం అది ప్రభుత్వమే. బొంబాయి విమానాశ్రయంలో ఒక రెస్టారెంటు టెండరు మీద వచ్చిన రమణ దయారాం శెట్టి కేసులో 1979లోనూ, అజయ్ హసియా కేసులో 1980లోనూ సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని నిలబెట్టింది. పెట్టుబడి ఎవరిది, అదుపు ఎవరిది, చేసే పని ఎలాంటిది అని చూడాలి. ప్రభుత్వం చేతిలో పనిముట్టుగా ఉన్న సంస్థ రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం ‘రాజ్యం’ కిందికే వస్తుంది, పౌరుల ప్రాథమిక హక్కులకు కట్టుబడి తీరాలి.

పన్ను దగ్గర పరాయిది, హక్కుల దగ్గర ప్రభుత్వమే. న్యాయశాస్త్రం దృష్టిలో ఇందులో వైరుధ్యం లేదు, రెండూ సరైన తీర్పులే. చిక్కు ఆచరణలో వచ్చింది. ఏ ముఖం ఎప్పుడు చూపించాలో యజమాని ఎంచుకునే వీలు దొరికింది. కంపెనీల నియంత్రణ మీద మన చర్చలన్నీ ప్రభుత్వ రంగమా, ప్రైవేటు రంగమా అన్న దగ్గరే ఆగిపోతుంటాయి. నాకు మాత్రం అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. కాపలా కాసేది ఎవరు, ఆ కాపలాదారుకీ కంపెనీకీ మధ్య దూరం ఎంత? ఆ దూరం ఉన్నచోట చట్టం పనిచేసింది. లేనిచోట ఎన్ని సెక్షన్లు రాసినా పనిచేయలేదు. అది టాటాల కంపెనీ కావచ్చు, కేంద్రం కంపెనీ కావచ్చు, మన రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కావచ్చు.

మన దేశంలో పరిమిత బాధ్యతతో కంపెనీ పెట్టుకోవడానికి చట్టం దారి తెరిచింది 1857లో. కంపెనీ మునిగిపోతే వాటాదారు పోగొట్టుకునేది తాను పెట్టిన వాటా సొమ్ము వరకే, అప్పులవాళ్లు ఇంటి మీదకు రారు. వ్యాపారికి సమాజం ఇచ్చిన వరాల్లో ఇంతకంటే పెద్దది లేదు. అందుకు బదులుగా లెక్కలు బయటపెట్టు, ఆడిట్ చేయించు, వాటాదారులకు జవాబు చెప్పు అని చట్టం అడుగుతుంది. 1913 చట్టం, భాభా కమిటీ సిఫార్సుల తర్వాత వచ్చిన 1956 చట్టం, ఇప్పుడు 470 సెక్షన్లతో నడుస్తున్న 2013 చట్టం అన్నీ ఈ ఒప్పందం మీద నిలబడ్డవే. స్వాతంత్ర్యం వచ్చాక దీని మీద ఇంకో పొర వేశారు. 1951లో పరిశ్రమల లైసెన్సులు, 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టం, 1970లో మేనేజింగ్ ఏజెన్సీల రద్దు. 1992 దాకా కొత్త షేరును ఏ ధరకు అమ్మాలో కూడా కేంద్రంలో కంట్రోలర్ ఆఫ్ కాపిటల్ ఇష్యూస్ చెప్పేవారు. ఆ రోజుల్లో అనుమతి కాగితాలు బోలెడు. అనుమతి ఇచ్చిన తర్వాత కంపెనీ ఏం చేస్తోందని చూసేవాళ్లు తక్కువ.

ప్రభుత్వ సంస్థల సంగతి ఎలా ఉండేదో తెలియాలంటే ముంద్రా వ్యవహారం చూడాలి. 1956లో జీవిత బీమాను జాతీయం చేసి ఎల్‌ఐసీ పెట్టారు. మరుసటి ఏడాదే ఎల్‌ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లు దాదాపు 1 కోటి 24 లక్షల రూపాయలు పెట్టి కొన్నది. సొంత పెట్టుబడుల కమిటీని కూడా సంప్రదించకుండానే కొన్నది. పాలకపక్ష సభ్యుడు, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు అయిన ఫిరోజ్ గాంధీయే లోక్‌సభలో దీన్ని బయటపెట్టారు. జస్టిస్ చాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ జరిపి నెల తిరక్కుండా ముగించింది. కొనుగోలు నిర్ణయం మంత్రిదా, కార్యదర్శిదా, ఎల్‌ఐసీదా అన్నదే విచారణ అంతటా నలిగిన ప్రశ్న. ఒకరి వేలు ఇంకొకరి వైపు. చివరికి మంత్రే బాధ్యుడని కమిషన్ చెప్పింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఏడు దశాబ్దాలు కావస్తున్నా ప్రభుత్వ రంగంలో ‘ఈ నిర్ణయం ఎవరిది’ అన్న ప్రశ్నకు సూటిగా జవాబు దొరకడం ఇప్పటికీ కష్టమే.

ప్రైవేటు వైపు తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేని ఉదాహరణ సత్యం. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. ఆ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, కేంద్ర కేబినెట్ మాజీ కార్యదర్శి ఉన్నారు. అమెరికా మార్కెట్లో షేరు కూలడంతో గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. అంటే ఆపింది బోర్డు కాదు, మదుపరులు. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిస్తున్న నగదులో 5,040 కోట్లు అసలు లేవని తేలింది. అంతకు కొన్ని నెలల ముందే కార్పొరేట్ పాలనకు ఆ కంపెనీకి అవార్డు కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

అంత డబ్బు లేదన్న సంగతి ఆడిటర్లకు ఏళ్ల తరబడి ఎందుకు తెలియలేదు? నగదు సరిచూడడం ఆడిట్‌లో మొదటి పాఠం. ఆడిటరే నేరుగా బ్యాంకుకు రాసి, బ్యాంకు నుంచే నేరుగా జవాబు తెప్పించుకోవాలి. ఆ ఉత్తరాల రాకపోకలను ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోలేదని, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితాలనే నమ్మారని 2011లో అమెరికా సెక్యూరిటీల కమిషన్ తప్పుపట్టి ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఒక తపాలా చిరునామా దగ్గర జారిన క్రమశిక్షణ యాభై వేల ఉద్యోగాల మీదకు వచ్చింది.

కంపెనీని కాపాడడంలో మాత్రం ప్రభుత్వం మెచ్చుకోదగ్గ పని చేసింది. లేఖ వచ్చిన రెండు రోజులకే పాత బోర్డును తప్పించి, దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్ వంటివారితో కొత్త బోర్డు వేసి, ఏప్రిల్ నెలలో వేలం ద్వారా టెక్ మహీంద్రాకు అప్పగించింది. వంద రోజుల్లోపు ముగిసిన పని అది. శిక్ష విషయానికి వస్తే ఆ చురుకు లేదు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు 2014లో వచ్చింది, క్రిమినల్ కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో వచ్చింది, ఏడేళ్ల శిక్ష పడినవాళ్లకు నెల తిరిగేసరికి పై కోర్టులో శిక్ష నిలిచి బెయిలు దొరికింది. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్లు అక్కడ ఉమ్మడి దావా వేసి కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు. అదే కంపెనీ షేర్లు హైదరాబాద్‌లోనో భీమవరంలోనో కూర్చుని కొన్నవారికి అలాంటి దావా వేసే చట్టమే లేకపోయింది. నష్టం ఒకటే, న్యాయం రెండు రకాలు. సత్యం కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

2013 కంపెనీల చట్టంలో చాలా సెక్షన్లు ఈ గాయం మీద వేసిన కట్లే. లిస్టెడ్ కంపెనీ బోర్డులో కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు, పదేళ్లకు ఆడిట్ సంస్థ మార్పు, మోసానికి పదేళ్ల దాకా జైలు, వాటాదారుల ఉమ్మడి దావా, ఆడిటర్ల మీద కన్నేసి ఉంచడానికి ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ. ఈ చివరిది 2018 అక్టోబరులో గానీ ఏర్పడలేదు. ఉమ్మడి దావా సెక్షన్ కింద ఇప్పటిదాకా వచ్చిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంతచేసినా మూలం కదల్లేదు. ఆడిటర్‌ను ఎన్నుకునేది వాటాదారుల సమావేశం, ఆ సమావేశంలో చెల్లేది ప్రమోటర్ మాట, ఫీజు ఇచ్చేది కంపెనీ. స్వతంత్ర డైరెక్టర్ పేరు కూడా అదే దారిలో వస్తుంది.

ఇక్కడే ఆసక్తికరమైన తేడా ఒకటి ఉంది. ప్రభుత్వ కంపెనీకి ఆడిటర్‌ను యాజమాన్యం పెట్టుకోదు. 51 శాతమో అంతకు మించో వాటా ప్రభుత్వానిదైతే ఆడిటర్‌ను నియమించేది కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). ఆ ఆడిటర్ నివేదిక ఇచ్చాక 60 రోజుల్లో కాగ్ మళ్లీ అనుబంధ ఆడిట్ చేసుకోవచ్చు, వ్యాఖ్యలు రాయొచ్చు. అంటే కాపలాదారును కాపలాకు లోనయ్యేవాడు ఎంచుకోకూడదన్న సూత్రం మన చట్టానికి తెలుసు. తెలిసి కూడా దాన్ని ప్రభుత్వ కంపెనీలకే వర్తింపజేస్తోంది. పెద్ద లిస్టెడ్ కంపెనీల ఆడిటర్ నియామకాన్ని కూడా ప్రమోటర్ చేతిలోంచి తప్పించి ఒక స్వతంత్ర సంస్థకు ఇవ్వాలన్నది కొత్త వాదన కాదు. దాన్ని పట్టించుకోకపోవడానికి మాత్రం నాకు సరైన కారణం ఒక్కటీ కనబడదు.

కంపెనీల చట్టం చుట్టూ ఇంకా చాలా మంది కాపలాదారులున్నారు. షేర్ మార్కెట్‌కు సెబీ, బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ రిజర్వ్ బ్యాంకు, గుత్తాధిపత్యానికి సీసీఐ, దివాలాకు 2016 చట్టం, హైదరాబాద్, అమరావతి సహా ఎన్‌సీఎల్‌టీ బెంచీలు. ఒక్కొక్కరి పరిధికి ఒక గిరి ఉంటుంది, రెండు గిరుల మధ్య సందులోనే సామాన్యుడి సొమ్ము పోతుంది. అగ్రిగోల్డ్‌లో కట్టిన సొమ్ము అలాగే పోయింది. భూమి ఇస్తామనో, గడువు తీరాక సొమ్ము ఇస్తామనో ఊరూరా వసూళ్లు చేసిన ఆ వ్యవహారం సెబీ కిందికి రావాల్సిన సమష్టి పెట్టుబడి పథకమా, రిజర్వ్ బ్యాంకు చూడాల్సిన డిపాజిట్టా, రాష్ట్ర డిపాజిటర్ల రక్షణ చట్టం కింద పోలీసులు చూడాల్సిందా? అడిగేలోపు లక్షల కుటుంబాలు చిక్కుకున్నాయి. డబ్బు కట్టినవాళ్లకు తెలిసింది ఏజెంటు ఒక్కడే, ఆ ఏజెంటు చాలాచోట్ల సొంత ఊరివాడు, బంధువు. కంపెనీ మూతపడ్డాక జనం నిలదీసిందీ అతన్నే. నియంత్రణ లేని డిపాజిట్లను నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది 2019లో.

డబ్బు పోతే కొంతైనా తిరిగి రావచ్చు. ప్రాణం పోతే? విశాఖపట్నంలో 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ పేలి అరవై మంది వరకు చనిపోయారు. అది ప్రభుత్వ రంగం. అదే నగరంలో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. అది విదేశీ ప్రైవేటు కంపెనీ. 1986లో ఢిల్లీ శ్రీరామ్ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ‘సంపూర్ణ బాధ్యత’ సూత్రం చెప్పింది. ప్రమాదకర పదార్థాలతో వ్యాపారం చేసేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నానని చెప్పినా నష్టానికి పూర్తి బాధ్యుడే, పరిహారం కంపెనీ స్థోమతను బట్టి ఉండాలి అంది. ఇంత గొప్ప సూత్రం మన దగ్గర ఉంది. అయినా 1991లో పార్లమెంటు చేసిన ప్రజాబాధ్యత బీమా చట్టంలో మరణానికి తక్షణ సాయం 25,000 రూపాయలని రాశారు, ఆ అంకెను మూడు దశాబ్దాలు కదపలేదు. ఎల్జీ పాలిమర్స్ ఏళ్ల తరబడి కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని కంపెనీ సొంత అఫిడవిట్‌లోనే ఉంది. ఆ ప్లాంటు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి కనబడకుండా దాక్కున్నదేమీ కాదు, నగరం అంచున 1961 నుంచి నిలబడి ఉన్న ఫ్యాక్టరీ. ప్రమాదం తర్వాత హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది, కంపెనీ అధికారులను అరెస్టు చేశారు. తనిఖీ చేయాల్సిన రోజున తనిఖీ జరిగి ఉంటే వీటిలో ఏదీ అక్కర్లేకపోయేది.

ఇక పూర్తిగా ప్రభుత్వ రంగానికి వద్దాం. కాగితం మీద చూస్తే ప్రభుత్వ కంపెనీ మీద ఉన్నంత నిఘా ఏ ప్రైవేటు కంపెనీ మీదా లేదు. కాగ్ ఆడిట్, 1964 నుంచి పార్లమెంటులో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, కేంద్ర విజిలెన్స్ కమిషన్, సమాచార హక్కు చట్టం, హైకోర్టులో రిట్లు, మంత్రిత్వ శాఖతో ఏటా అవగాహన ఒప్పందం. నవరత్న, మహారత్న హోదాలతో కొంత స్వేచ్ఛ ఇచ్చామంటారు. నిఘా ఎక్కువై మేనేజర్లు నిర్ణయం తీసుకోవడానికి భయపడుతున్నారన్న ఫిర్యాదులో నిజముంది. కానీ ఈ నిఘా అంతా మేనేజరు మీదే. యజమాని మీద, అంటే మంత్రిత్వ శాఖ మీద, ఎవరున్నారు?

ఒక చిన్న జరిమానా కథ చూడండి. లిస్టెడ్ కంపెనీ బోర్డులో తగినంత మంది స్వతంత్ర డైరెక్టర్లు లేకపోతే స్టాక్ ఎక్స్ఛేంజి రోజుకు 5,000 రూపాయలు జరిమానా వేస్తుంది. 92 రోజుల త్రైమాసికానికి జీఎస్టీతో కలిపి 5 లక్షల 42 వేల చిల్లర. 2023లో ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్, గెయిల్ వంటి దిగ్గజాలన్నీ ఈ జరిమానా వార్తల్లోకి ఎక్కాయి, ఒకసారి కాదు, త్రైమాసికం వెంట త్రైమాసికం. అవి ఎక్స్ఛేంజికి ఇచ్చిన వివరణ ఒకటే: డైరెక్టర్లను నియమించే అధికారం మాది కాదు, ప్రభుత్వానిది, మమ్మల్ని మన్నించండి. నిజమే. ఖాళీ నింపనిది మంత్రిత్వ శాఖ, జరిమానా పడింది కంపెనీ మీద. ఆ కంపెనీలో చిన్న వాటాదారుల డబ్బు కూడా ఉంది. తప్పు చేసిన చేతికి దెబ్బ తగలనప్పుడు ఆ చెయ్యి ఎందుకు మారుతుంది?

లిస్టెడ్ కంపెనీలో కనీసం 25 శాతం వాటా జనం చేతుల్లో ఉండాలన్న నిబంధన కూడా ఇంతే. ప్రైవేటు కంపెనీలకు 2013 జూన్‌తో గడువు ముగిసింది, దాటిన ప్రమోటర్ల అదనపు ఓటు హక్కులను సెబీ మర్నాటికే స్తంభింపజేసింది. ప్రభుత్వ కంపెనీలకు మాత్రం గడువు 2018, 2020, 2024, 2026 అంటూ జరుగుతూ వచ్చింది. 2022లో 3.5 శాతం వాటా మాత్రమే అమ్మి లిస్టయిన ఎల్‌ఐసీకి 25 శాతం చేరడానికి 2032 దాకా సమయమిచ్చారు. 2015 జూన్‌లో ఒకే నోటిఫికేషన్‌తో ప్రభుత్వ కంపెనీలకు కంపెనీల చట్టంలోని పలు సెక్షన్ల నుంచి మినహాయింపు దొరికింది. నిబంధన రాసేవాడూ, దాన్ని పాటించాల్సినవాడూ, మినహాయింపు ఇచ్చేవాడూ ఒకడే అయితే చిన్న మదుపరికి ఇచ్చిన మాటకు విలువ తగ్గిపోతుంది. కోర్టులు కొంతవరకు అడ్డుపడ్డాయి. జాతీయ అవసరాల కోసం ఏర్పడ్డ మాకు పోటీ చట్టం వర్తించదని కోల్ ఇండియా వాదిస్తే, వర్తిస్తుందని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు ప్రభుత్వం తన కంపెనీని లాభం చూసుకోకుండా ఒక పని చేయమనడమే తప్పా? నేనలా అనను. లాభమొక్కటే చూసేటట్టయితే పల్లెకు బస్సు ఎందుకు, ప్రభుత్వ రంగం ఎందుకు? కానీ చెప్పేది కాగితం మీద చెప్పాలి. 2012లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు సరఫరా ఒప్పందాలు చేసుకోమని కోల్ ఇండియాకు రాష్ట్రపతి పేరిట ఆదేశం వచ్చింది. కంపెనీ నియమావళిలో ఆ అధికారం ఉంది. ప్రభుత్వం మాట విని బొగ్గు చౌకగా అమ్ముతున్నారని బ్రిటన్‌కు చెందిన టీసీఐ ఫండ్ డైరెక్టర్ల మీద దావా వేసి, రెండేళ్లకు తప్పుకుంది. మదుపరి కోపం అర్థం చేసుకోదగ్గదే, అయినా ఆ ఆదేశానికి ఒక తేదీ ఉంది, బాధ్యత వహించే ప్రభుత్వం ఉంది. పెట్రోలు సంగతి అలా లేదు. ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలదే అని మంత్రులు చెబుతారు. 2022 ఏప్రిల్ తర్వాత దాదాపు రెండేళ్లు పన్ను తగ్గింపులు మినహా పంపు దగ్గర ధర కదల్లేదు, 2024 ఎన్నికల ముందు లీటరుకు 2 రూపాయలు తగ్గింది. ఏ ఆదేశమూ లేదు. వంటగ్యాస్ నష్టాలకు మాత్రం 2022 అక్టోబరులో మూడు కంపెనీలకు 22,000 కోట్ల గ్రాంటు ఇచ్చారు.

సింగరేణిలో ఇది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1920లో ఆ పేరుతో ఏర్పడి, నిజాం చేతికి వచ్చి, ఇప్పుడు తెలంగాణ 51, కేంద్రం 49 వాటాలతో నడుస్తున్న కంపెనీ. దసరా దగ్గర పడితే కోల్ బెల్ట్ అంతా ఎదురుచూసేది లాభాల వాటా ప్రకటన కోసం. అది చట్టప్రకారం బోర్డు తీసుకోవాల్సిన నిర్ణయం. ప్రకటన వచ్చేది ముఖ్యమంత్రి నోట. కార్మికుడికి వాటా రావడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే రాష్ట్రానికి చెందిన విద్యుత్ సంస్థలు సింగరేణికి వేల కోట్లు బకాయి పడి ఉన్నప్పుడు, ఆ బాకీ వసూలు చేయమని బోర్డులో గట్టిగా అడిగేవారెవరు? అప్పు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ యజమాని ఒకరే.

విద్యుత్తు దగ్గర మనం ఒక మంచి ప్రయోగం చేశాం. 1998 సంస్కరణల చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును విడగొట్టి, చార్జీలు నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వం చేతిలోంచి తీసి విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్సీ) ఇచ్చారు. కొత్త పద్ధతిలో చార్జీలు పెరిగినప్పుడు 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ రక్తం మరకతో మొదలైన సంస్థ ఈఆర్సీ. అయినా దాని బహిరంగ విచారణ లాంటిది మన పాలనలో మరొకటి లేదు. డిస్కం అధికారులు లెక్కలు చదువుతారు. రైతు సంఘం మనిషి, రిటైరైన ఇంజినీరు, ఆక్వా రైతు, చిన్న మిల్లు యజమాని లేచి ప్రశ్నలడుగుతారు. ప్రతి అభ్యంతరానికీ డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి, చార్జీల ఉత్తర్వులో మండలి తన నిర్ణయానికి కారణం రాయాలి. ఉచిత విద్యుత్తో, రాయితీయో ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగా చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు ప్రభుత్వ విధానం ఖర్చు బడ్జెట్‌లో కనబడుతుంది. ఆ సొమ్ము సకాలంలో రాక డిస్కంలు అప్పుల్లో కూరుకుపోవడం, ఏళ్ల తర్వాత పాత ఖర్చుల సర్దుబాటు (ట్రూఅప్) పేరుతో బిల్లులో మన మీద పడడం వేరే సంగతి. అది సెక్షన్ తప్పు కాదు, దాన్ని అమలు చేయించలేని మండలి బలహీనత. మండలి సభ్యులను ఎంపిక చేసే కమిటీ ఎవరిని సూచించినా నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే.

రాష్ట్రాల స్థాయిలో ఇంకో ధోరణి ఉంది, దీన్ని నేను అన్నిటికంటే ప్రమాదకరమైనదిగా చూస్తాను. వ్యాపారం చేయడానికి కాకుండా అప్పు తేవడానికే కార్పొరేషన్లు పెట్టడం. కాళేశ్వరం ప్రాజెక్టుకు తెలంగాణ ఒక కార్పొరేషన్ పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో రాష్ట్ర అభివృద్ధి సంస్థ పెట్టి మద్యం పన్ను ఆదాయాన్ని చూపించి అప్పు తెచ్చింది. ఈ సంస్థలకు సొంత ఆదాయం లేదు, తీర్చేది ఖజానాయే. వేరే వ్యక్తిత్వం అన్న న్యాయసూత్రాన్ని అప్పు కనబడకుండా చేసే తెరగా వాడుకున్నారు. కాగ్ ఆక్షేపించింది. 2022లో కేంద్రం ఇలాంటి అప్పులను రాష్ట్రం అప్పులుగానే లెక్కగడతామంది. రెండు రాష్ట్రాల్లో పార్టీలు వేరు, పద్ధతి ఒకటే.

అమ్మకం దగ్గర చట్టం విచిత్రంగా ఉంటుంది. 2001లో బాల్కో అమ్మకాన్ని సవాలు చేస్తే, అది ప్రభుత్వ విధానం, మేం జోక్యం చేసుకోం అని సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ వంతు వచ్చేసరికి ఆపింది. ఆ రెండు సంస్థలకు మూలమైన విదేశీ కంపెనీలు ఎస్సో, బర్మా షెల్‌లను పార్లమెంటు చట్టం చేసి స్వాధీనం చేసుకుంది కాబట్టి, అమ్మాలన్నా పార్లమెంటు దగ్గరికే వెళ్లాలంది. ఇప్పుడు విశాఖ ఉక్కును ఈ కొలతతో చూడండి. ఆ ఫ్యాక్టరీ కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు, రైతులు వేల ఎకరాలిచ్చారు, పునరావాసపు (ఆర్) కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న నిర్వాసిత కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ ప్లాంటు యజమాని రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో కంపెనీల చట్టం కింద రిజిస్టరైన మామూలు కంపెనీ. పార్లమెంటు చట్టంతో పుట్టలేదు. అందుకే 2021 జనవరి 27న నూరు శాతం అమ్మకానికి సూత్రప్రాయ ఆమోదం మంత్రివర్గ కమిటీ గదిలోనే అయిపోయింది. ఎస్సో కంపెనీ ఆస్తులకున్న రక్షణ అంతమంది చనిపోయి తెచ్చుకున్న ఫ్యాక్టరీకి లేకపోయింది. సెయిల్‌కూ టాటా స్టీల్‌కూ సొంత ఇనుప గనులున్నాయి. విశాఖ ఉక్కుకు అలాంటి గనులు కేటాయించని ప్రభుత్వమే నష్టాలు వస్తున్నాయని అమ్మకానికి పెట్టింది. అదే ప్రభుత్వం 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. సెయిల్‌కూ టాటా స్టీల్‌కూ సొంత ఇనుప గనులున్నాయి. గనులు ఇవ్వాలా వద్దా, ప్లాంటును ఉంచాలా అమ్మాలా, నష్టానికి బాధ్యులెవరు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పాల్సింది ఒకే ప్రభుత్వం. ఏ ఒక్కదానికీ అది పార్లమెంటులో ఓటుకు నిలబడనక్కర్లేదు.

ప్రభుత్వ సంస్థను అమ్మకూడదని కాదు, ఎప్పటికీ ఉంచుకోవాలనీ కాదు. ఒక స్థాయి దాటిన ఆస్తిని అమ్మాలంటే చట్టసభ ఆమోదం తప్పనిసరి చేయాలి. ప్రభుత్వ వాటాలను ఆ పరిశ్రమకు విధానం రాసే శాఖ దగ్గర ఉంచకూడదు. స్వతంత్ర డైరెక్టర్ల ఖాళీకి జరిమానా నియామకం ఆపిన శాఖ బడ్జెట్ నుంచి రావాలి. మినహాయింపు నోటిఫికేషన్ ఏదైనా కారణాలతో సభ ముందుకు రావాలి. పెద్ద ప్రైవేటు కంపెనీల ఆడిటర్‌ను ప్రమోటర్ ఎంచుకోకూడదు. వీటికి కొత్త కమిషన్లు అక్కర్లేదు.

మనం చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థల మీద కాగ్ నివేదికలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని సభలో ఎప్పటిలోగా పెట్టాలో రాజ్యాంగంలో గడువు లేదు, అందుకే తరచూ సమావేశాల చివరి రోజున పెట్టి చర్చ లేకుండా ముగిస్తారు. ఆ నివేదిక చదివారా అని మీ ఎమ్మెల్యేను అడగండి. డిస్కంలు ప్రతిపాదనలు సమర్పించాక అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వస్తుంది. మీ ఊళ్లో కరెంటు బిల్లు కట్టే నలుగురు కూర్చుని ఒక పేజీ అభ్యంతరం రాసి పంపండి. నిబంధనల ప్రకారం దానికి జవాబు రావాల్సిందే.